మద్రాసు వద్దని సిడ్నీ వచ్చిన పోల్డింగ్ గారు

సిడ్నీలో గ్లీబ్ పేట డార్గన్ వీధిలో లిండ్‌హర్స్ట్ అనే పాత మేడ ఉన్నది. అందులో ఒకప్పుడు కళాశాల నడచిందని, దాన్ని స్థాపించిన మహనీయుడు మన వైపు రావలసినవాడేనని మేము చాలా ఆలస్యంగా తెలుసుకున్నాము.

జాన్ బీడ్ పోల్డింగ్ గారు 1794లో లివర్‌పూల్‌లో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా, బెనెడిక్టు మఠ సన్యాసి అయిన మేనమామ చేరదీశారు. మేనల్లుడూ అదే దారి పట్టి, డౌన్‌సైడ్ మఠంలో ఏళ్ల తరబడి శిష్యులను తీర్చిదిద్దారు. మద్రాసుకు బిషప్పుగా వెళ్లమని రోము నియమిస్తే అనారోగ్యం చెప్పి తప్పించుకున్నారు. మన తెలుగు జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే కదా! ఆ తరువాత ఈ దేశానికి నియమిస్తే మాత్రం ఒప్పుకున్నారు. 1835లో సిడ్నీలో దిగారు. ఓడలు దిగిన ఖైదీలను కొన్నాళ్లపాటు దగ్గరుంచుకొని, ధర్మబోధ చేసి, ఆ తరువాతనే పనులకు పంపేవారు. అడవి దారుల్లో గుర్రంమీద తిరిగి జనాన్ని కలుసుకునేవారు. 1842లో ఆర్చిబిషప్పు అయ్యారు.

ఆయన కోరిక ఒక్కటే: ఇక్కడి సంఘానికి మఠమే గుండెకాయ కావాలి, ఇక్కడి పిల్లల్లోంచే సన్యాసులు రావాలి. అందుకే 1852లో లిండ్‌హర్స్ట్‌లో సెయింట్ మేరీస్ కళాశాల తెరిచారు. అంతకుముందు అదే మేడలో బ్రౌటన్ అనే ఆంగ్లికన్ బిషప్పు పెట్టిన వేదవిద్యాలయం 1849లోనే మూతపడింది. ఆ ఇంటి వాస్తు ఏమో గాని!

లిండ్‌హర్స్ట్‌లో చదువు బాగానే సాగింది. అయితే ఆయన మందలో అధికులు ఐరిష్ వారు. వారికి తమ దేశపు గురువులు కావాలి. ఇంగ్లీషు మఠ సంప్రదాయం వారికి పట్టలేదు. సన్యాసులు పెరగలేదు. కొత్తగా వచ్చిన బిషప్పులూ ఐరిష్ వారే. ఎవరికోసం బడి పెట్టామో వారినే అడగకపోవడం పోల్డింగ్ గారి లోపమని మా అభిప్రాయం. సాయంకాలం తెలుగు తరగతులు నడుపుకునే మనకు ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది.

1877 మార్చి 16న ఆయన కన్నుమూశారు. ఆ ఏడే కళాశాల మూతపడింది. మూసినవారు పరాయివారు కారు. డౌన్‌సైడ్‌లోనే తయారైన బెనెడిక్టు సన్యాసి, ఆయన వారసుడు వాన్ గారు. తోటంతా ముక్కలు చేసి అమ్మారు.

మేడ మాత్రం మిగిలింది. 1970లలో పెద్ద రహదారికోసం పడగొట్టబోతే పేటవాసులు అడ్డుపడి నిలబెట్టుకున్నారు.