శిక్షను మార్కులతో కొలిచిన మకానకీ

భారతదేశంలో ఖైదీ సత్ప్రవర్తనకు, చేసిన పనికి ప్రతిఫలంగా శిక్షాకాలంలో కొన్ని రోజులు తగ్గిస్తారు. దీన్నే రెమిషన్ అంటారు. 2016 నవంబరులో కాలిఫోర్నియా ప్రజలు సంతకాల సేకరణ ద్వారా బ్యాలెట్‌కెక్కిన 57వ ప్రతిపాదనను ఆమోదించారు. చదువుకున్న, నడత మార్చుకున్న ఖైదీలకు శిక్ష తగ్గించే క్రెడిట్లు ఇచ్చే అధికారం దానితో జైళ్ల శాఖకు దక్కింది. విడుదలను ఖైదీ సంపాదించుకోవాలన్న ఈ ఆలోచనను తొలిసారి ఒక పూర్తి విధానంగా మలిచి అమలుకు పూనుకున్నవాడు అలెగ్జాండర్ మకానకీ. అందుకు ఆయన ఉద్యోగమే పోగొట్టుకున్నాడు.

మకానకీ 1787లో ఎడిన్‌బరోలో పుట్టాడు. 1803లో బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో, 1811లో, ఆయన ఓడ డచ్చి తీరంలో చిక్కుకుపోవడంతో ఫ్రెంచివారికి బందీగా దొరికాడు. 1814 దాకా చెరలోనే ఉన్నాడు. ఖైదీల గురించి తర్వాత రాసిన పాలనాధికారుల్లో చాలామందికి లేని అనుభవం ఇది. యుద్ధం ముగిశాక భూగోళశాస్త్రం వైపు మళ్లాడు. 1830లో లండన్‌లో ఏర్పడిన భౌగోళిక సంఘానికి తొలి కార్యదర్శి అయ్యాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో తొలి భూగోళశాస్త్ర ఆచార్యుడూ ఆయనే.

1837లో లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ ఫ్రాంక్లిన్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా నేటి టాస్మానియాకు వెళ్లాడు. అక్కడ ఖైదీలను వలసదారులకు కూలీలుగా అప్పగించే పద్ధతి నడుస్తోంది. అది ఖైదీనీ యజమానినీ ఇద్దరినీ చెడగొడుతోందని మకానకీ నివేదిక రాశాడు. ఆ నివేదిక లండన్‌లో బయటపడి దుమారం రేపింది. ఫ్రాంక్లిన్ ఆయన్ను పదవి నుంచి తప్పించాడు.

1840 మార్చిలో నార్ఫోక్ దీవి బాధ్యత ఆయనకు దక్కింది. సిడ్నీకి 1,600 కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రం మధ్య ఉన్న ఈ దీవికి మళ్లీ నేరం చేసిన ఖైదీలను పంపేవారు. కొరడా దెబ్బలు, ఇనుప గొలుసులు అక్కడ నిత్యకృత్యం. మకానకీ అక్కడ శిక్షను ఏళ్లతో కాకుండా మార్కులతో కొలవడం మొదలుపెట్టాడు. ఏడేళ్ల శిక్షకు 6,000 మార్కులు, పదేళ్లకు 7,000, యావజ్జీవానికి 8,000 సంపాదించాలి. పనికి, మంచి నడతకు మార్కులు జమ అవుతాయి, తప్పు చేస్తే పోతాయి. అదనపు తిండి కావాలంటే మార్కులే ఖర్చు పెట్టాలి. కొంతకాలం తర్వాత ఖైదీలు చిన్న బృందాలుగా ఏర్పడి ఒకరి తప్పుకు మరొకరు బాధ్యత వహించాలి. శిక్షలో గతానికి దండనే కాదు, రేపటికి శిక్షణ కూడా ఉండాలన్నది ఆయన వాదన.

ఆ ఏడాది మేలో విక్టోరియా రాణి పుట్టినరోజున ఖైదీలందరికీ సెలవిచ్చి, దీవిలో స్వేచ్ఛగా తిరగనిచ్చాడు. విందు పెట్టి, నాటకం ఆడించాడు. రాత్రికి అందరూ బుద్ధిగా తిరిగొచ్చారు. ఈ వార్త సిడ్నీలో వెటకారానికీ కోపానికీ కారణమైంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఈ పద్ధతిని ఇంగ్లండ్ నుంచి కొత్తగా వచ్చిన ఖైదీలకే పరిమితం చేయాలన్నది న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ జార్జ్ గిప్స్ ఆదేశం. మకానకీ పాత ఖైదీలకూ వర్తింపజేశాడు. కానీ మార్కులు నిండిన మనిషిని విడుదల చేసే అధికారం ఆయనకు లేదు. ఖైదీలకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఇతరుల చేతుల్లో ఉండిపోయింది. 1843లో గిప్స్ స్వయంగా వచ్చి, దీవి క్రమశిక్షణతో ఉండడం చూసి మెచ్చుకోలుగానే రాశాడు. ఆ మెప్పు మకానకీని కాపాడలేదు. 1844లో ఆయన స్థానంలోకి మేజర్ జోసెఫ్ చైల్డ్స్ వచ్చాడు. కఠినత్వం తిరిగొచ్చింది. 1846 జులైలో వంట పాత్రలు లాక్కోవడంతో ఖైదీలు తిరగబడి నలుగురు సిబ్బందిని చంపారు. పన్నెండు మందిని ఒకే రోజు ఉరితీశారు.

మకానకీ 1849లో బర్మింగ్‌హామ్ జైలు గవర్నరయ్యాడు. రెండేళ్లకే అక్కడా తొలగించారు. 1860లో కన్నుమూశాడు.

ఆలోచన మాత్రం ఆగలేదు. 1850ల్లో వాల్టర్ క్రాఫ్టన్ ఐర్లండ్ జైళ్లలో దాన్ని మార్చి అమలు చేశాడు. అక్కడి నుంచి అమెరికా చేరి, 1876లో తెరిచిన న్యూయార్క్ రాష్ట్ర ఎల్మైరా సంస్కరణాలయంలో స్థిరపడింది. భారతదేశానికి వర్తించిన 1894 జైళ్ల చట్టం 59వ సెక్షన్‌లోనూ మార్కులు ఇవ్వడం, శిక్ష తగ్గించడం గురించి నిబంధనలు చేసే అధికారం కనిపిస్తుంది.

రెమిషన్‌పై వివాదం వచ్చినప్పుడల్లా దయ, కాఠిన్యాల మధ్యే వాదన సాగుతుంది. నార్ఫోక్ దీవి అనుభవం అడిగేది వేరు: సంపాదించిన రోజులను లెక్కించేదెవరు, ఆ లెక్కను విడుదలగా మార్చే అధికారం ఎవరిది? ఆ రెండూ వేర్వేరు చేతుల్లో ఉన్నంతకాలం, కష్టపడి మార్కులు కూడబెట్టిన ఖైదీకి చేతికందేది కాగితం మీది అంకె మాత్రమే.