ఆకు పేరిట విటమిన్‌.. కీళ్ల వాపునకు విరుగుడు
భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జీవనరేఖలు

భీమవరం: కీళ్లవాతంతో బాధపడే రోగులకు వైద్యులు సాధారణంగా తొలుత సూచించే మందు మెథోట్రెక్సేట్‌. దానితోపాటే ఫోలిక్‌ ఆమ్లం మాత్రలూ రాసిస్తారు. మొదటిది కీళ్ల వాపును అణచివేస్తుంది. రెండోది ఆ మందు వల్ల కలిగే దుష్ఫలితాలను తగ్గిస్తుంది. ఈ రెండింటి చరిత్రతోనూ ముడిపడిన మహనీయుడు భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు.

ఖద్దరు ధరించినందుకు..
జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించిన సుబ్బారావు బాల్యం పేదరికంలోనే గడిచింది. రాజమహేంద్రవరంలో చదువు సాగించిన ఆయన మూడో ప్రయత్నంలో మద్రాసులో మెట్రిక్యులేషన్‌ గట్టెక్కారు. మిత్రుల సాయంతోనూ, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి అండతోనూ మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీజీ పిలుపు మేరకు శస్త్రచికిత్స సమయంలో ఖద్దరు దుస్తులు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌ పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులోనూ చోటు దక్కలేదు.

మూలికతో దక్కిన ప్రాణం
సోదరులను కబళించిన స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయననూ పట్టి పీడించింది. డాక్టర్‌ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకునిగా చేరి, దేశీయ ఔషధాలను ఆధునిక పద్ధతిలో పరిశీలించేందుకు పూనుకున్నారు.

ఈ పరిశీలన ఆషామాషీ కాదు. ఒక మూలిక కషాయంలో ఎన్నో పదార్థాలు కలగలిసి ఉంటాయి. నేలను బట్టి, రుతువును బట్టి వాటి పాళ్లు మారుతుంటాయి. కనుక సారాన్ని తీసి, భాగాలుగా విడదీసి, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా పరీక్షించాలి. గుణం కనిపించిన భాగాన్ని మళ్లీ విడదీయాలి. చివరకు మిగిలే ఒక్క పదార్థమే అసలు మందు. సుబ్బారావు తదుపరి పరిశోధనలకూ ఇదే బాట అయింది.

అమెరికాలో..
కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ, మామగారు అందించిన ధనసాయంతో 1923 అక్టోబరు 26న బోస్టన్‌ చేరారు. ఆస్పత్రిలో రాత్రివేళ చిరుద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదువు కొనసాగించారు. ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో ప్రకటించారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో వెలుగులోకి తెచ్చారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

పాలకూర నుంచి కొత్త విటమిన్‌
1941లో టెక్సాస్‌ శాస్త్రవేత్తలు పాలకూర సారం నుంచి ఒక పోషక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఆకు అనే అర్థమిచ్చే మాట నుంచి దానికి ఫోలిక్‌ ఆమ్లమని పేరు పెట్టారు. సుబ్బారావు బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసింది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికే అది ఔషధమైంది.

అదే విటమిన్‌ రూపును కొద్దిగా మార్చి, దాని పనికి అడ్డుతగిలే అమినోప్టెరిన్‌ను ఆ బృందం రూపొందించింది. బాలల రక్త క్యాన్సర్‌పై దాని ప్రభావాన్ని సిడ్నీ ఫార్బర్‌ 1948లో వెల్లడించారు. 1951లో కీళ్లవాత రోగులపై పరీక్షించగా వాపు తగ్గడం కనిపించింది. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్‌. కీళ్లవాతానికి దాని వాడకాన్ని అమెరికా ప్రభుత్వం 1988లో ఆమోదించింది. తొలి పరీక్షకూ ఆ ఆమోదానికీ మధ్య 37 ఏళ్లు గడిచాయి.

గోదావరి జిల్లాలకు మేలు
ఆయన పర్యవేక్షణలోనే 1947లో హెట్రజాన్‌ వెలువడింది. బోదకాలు కారక క్రిములపై పనిచేసే డీఈసీ మాత్ర ఇదే. బోదకాలుతో ఏళ్ల తరబడి అల్లాడిన గోదావరి జిల్లాలకు ఇది చిరపరిచితం. ఆ క్రిముల పట్ల శరీరం అతిగా స్పందించడం వల్ల రాత్రివేళ దగ్గు, ఆయాసం కలిగించే ఇస్నోఫిలియాకూ ఇదే చికిత్స.

భార్యను స్వదేశంలో విడిచి వెళ్లిన సుబ్బారావు తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో 53వ ఏట అమెరికాలోనే కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. మూలికల మహిమ గురించి ప్రకటనలు హోరెత్తుతున్న నేటి కాలానికి ఆయన జీవితం చెప్పే పాఠం ఒక్కటే. నమ్మకం తొలి మెట్టు మాత్రమే, పరీక్షకు నిలిచినదే మందు.