పగిలిన నమూనాలు, నిలిచిన దేవాలయం

స్పెయిను దేశం, బార్సిలోనా నగరంలోని తిరుకుటుంబ దేవాలయం గురించి మీరు వినే ఉంటారు. సగ్రాద ఫమీలియా అని లోకమంతా పిలిచే ఆ గుడికి రూపమిచ్చిన ఆంటోనీ గౌడీ జీవితం తెలుసుకుందాం.

గౌడీ 1852 జూన్ 25న కతలోనియా ప్రాంతంలో ఒక కంచరి ఇంట జన్మించాడు. తండ్రి చదునైన రాగిరేకును కొట్టి గుండ్రని పాత్రగా మలచడం చూస్తూ పెరిగాడు. అందుకే కాబోలు, కాగితం మీది గీతలకన్నా చేతితో చేసిన నమూనానే ఎక్కువగా నమ్మాడు.

తిరుకుటుంబ దేవాలయానికి 1882 మార్చి 19న, పునీత యోసేపు పండుగనాడు, శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడే ఆ బాధ్యత 31 ఏళ్ల గౌడీకి దక్కింది.

ఆయన పనితీరు చూడండి. కార్మికుల కాలనీలో కట్టదలచిన మరొక గుడి కోసం పైనుండి దారాలు వేలాడదీసి, సీసపు గుండ్లు నింపిన చిన్న సంచులను వాటికి కట్టాడు. బరువుకు దారాలు వంగిన తీరును ఫొటో తీసి తలక్రిందులు చేస్తే, భారాన్ని చక్కగా మోయగల కమానుల రూపం కనబడేది. ఈ ఒక్క నమూనాకే సుమారు 10 ఏళ్లు పట్టింది. అక్కడ నేర్చినదాన్ని తిరుకుటుంబ దేవాలయానికి వాడాడు. ఆ దేవాలయం లోపలి భాగాలను అసలు కొలతలో పదో వంతున ప్లాస్టరుతో చేయించాడు. తన జీవితకాలంలో గుడి పూర్తికాదని ఆయనకు తెలుసు. తరువాతివారికి దారి చూపేవి ఆ నమూనాలే.

1914 నుండి వేరే పని ముట్టలేదు. చివరి నెలల్లో గుడి ఆవరణలోని పనిశాలలోనే నివసించాడు. 1926 జూన్ 7న ప్రార్థనకు వెళ్తుండగా ట్రాము ఢీకొంది. మాసిన బట్టలు చూసి బిచ్చగాడనుకున్నారు. 10వ తేదీన కన్నుమూశాడు. ఆయన సమాధి ఆ దేవాలయపు నేలమాళిగలోనే ఉంది.

1936 జూలైలో అంతర్యుద్ధం మొదలవగానే అల్లరిమూకలు పనిశాలపై పడ్డాయి. పటాలు కాలిపోయాయి, నమూనాలు ముక్కలయ్యాయి. అంతా అయిపోయిందనిపించిన వేళ, శిష్యులు ఆ ముక్కలను ఏరి దాచారు. యుద్ధం ముగిశాక వాటిని ఏళ్ల తరబడి ఓపికగా అతికారు. వాటి ఆధారంగానే కట్టడం సాగింది. 2010 నవంబరు 7న బెనెడిక్టు 16వ పోపుగారు ఆ దేవాలయాన్ని అభిషేకించారు. 2025 ఏప్రిల్ 14న ఫ్రాన్సిస్ పోపుగారు గౌడీని వందనీయునిగా గుర్తించారు.

పాఠకులారా! మనం మొదలుపెట్టిన మంచి పనిని ముగించేది మనమే కాకపోవచ్చు. మన వెనుక వచ్చేవారు అందుకొని సాగించేలా దాన్ని వదిలి వెళ్తున్నామా?