జైలు దాటి ఆడిటర్ల పట్టికలోకి..
తొలి మహిళా ఆడిటర్‌ శివభోగం ప్రస్థానం

బహదూర్‌పల్లి: ఆడిటర్‌ సంతకం విలువ ఏపాటిదో బహదూర్‌పల్లి వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్‌ తప్పుడు లెక్కల వ్యవహారం వెలుగు చూసినపుడు, ఇక్కడి ఆ సంస్థ ప్రాంగణంలోని ఉద్యోగుల భవిత ఒక్కసారిగా అగమ్యగోచరమైంది. ఆ కేసులో 2015లో హైదరాబాద్‌ ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లున్నారు. ఆడిటర్ల పట్టికలో పేరుండే అర్హత ఎవరికున్నదన్న ప్రశ్న అంతకు ఏడు దశాబ్దాల ముందే మరో రూపంలో తలెత్తింది. నాడు అడ్డుపడినది మోసం కాదు, దేశభక్తి. భారతదేశపు తొలి మహిళా ఆడిటర్‌గా పేరొందిన ఆర్‌.శివభోగం గారి గాథ అది.

ఆమె 1907 జులై 23న జన్మించారు. బహదూర్‌పల్లి నిజాం ఏలుబడిలో ఉన్న రోజులవి. కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. ఆ నగరంలోని క్వీన్‌ మేరీస్‌ కళాశాలలో చదివిన శివభోగం జాతీయోద్యమంలోకి దూకి, ఏడాది జైలుశిక్ష అనుభవించారు. మన దుర్గాబాయమ్మ వంటి వారు సైతం కారాగారవాసం చేసిన కాలమది. విడుదలై వచ్చిన తరువాత శివభోగం ఎన్నుకున్న మార్గం మాత్రం ఎవరూ ఊహించనిది. ఒక్క స్త్రీ కూడా లేని లెక్కల తనిఖీ వృత్తిని ఆమె చేపట్టదలిచారు.

ఆడిటర్‌ కావాలంటే నాడు జి.డి.ఏ. అనే ప్రభుత్వ డిప్లొమా పరీక్షలో నెగ్గాలి. 1933లో ఆమె నెగ్గారు. మద్రాసులో పేరున్న ఆడిటర్‌ సి.ఎస్‌.శాస్త్రి వద్ద శిక్షణ పొందారు. అయితే ఉత్తీర్ణత వేరు, నమోదు వేరు. 1932 నాటి నిబంధనలతో ప్రభుత్వం అకౌంటెంట్ల రిజిస్టరును ప్రారంభించింది. అందులో పేరెక్కితేనే 'రిజిస్టర్డ్‌ అకౌంటెంట్‌'. జైలుకు వెళ్లివచ్చిన వారికి ఆ అర్హత లేదన్న నియమం ఆమెకు అడ్డుగోడయింది. చదువు, శిక్షణ అన్నీ ఉండి గుమ్మం ముందు నిలిచిపోవలసిన స్థితి. శివభోగం వెనుదిరగలేదు, న్యాయస్థానాన్ని ఆశ్రయించి గెలిచారు. 1937 నుంచి స్వతంత్రంగా ప్రాక్టీసు సాగించారు. ఖద్దరు మాత్రం వీడలేదు.

స్వాతంత్య్రానంతరం 1949లో చార్టర్డ్‌ అకౌంటెంట్ల చట్టం వచ్చింది. శిక్షపడిన వారిపై అనర్హత అందులోనూ ఉన్నది. అయితే నైతిక పతనంతో కూడిన నేరం, లేదా వృత్తిపరంగా చేసిన నేరం అని చట్టం వివరంగా పేర్కొన్నది. దేశం కోసం జైలుకెళ్లిన వారిని, ఖాతాలు తారుమారు చేసిన వారిని ఒకే గాటన కట్టే పద్ధతికి ఆ మాటలతో తెరపడిందనుకోవచ్చు. నేడు మన ప్రాంత విద్యార్థులు ఫౌండేషన్‌, ఇంటర్‌, ఫైనల్‌ పూర్తిచేసి, ఆర్టికల్‌షిప్‌ ముగించాక ఇన్‌స్టిట్యూట్‌ సభ్యత్వానికి దరఖాస్తు చేసుకునేది ఆ చట్టం కిందనే. ప్రాక్టీసుకు మరో ధ్రువపత్రం తీసుకోక తప్పదు.

శివభోగం 1955 నుంచి 1958 వరకు ఇన్‌స్టిట్యూట్‌ దక్షిణ భారత ప్రాంతీయ మండలికి అధ్యక్షత వహించారు. ఆ పదవి నధిష్ఠించిన తొలి మహిళ ఆమే. 1956లో ఆంధ్రప్రదేశ్‌ ఏర్పడినపుడు తెలుగు ఆడిటర్లకు ప్రాంతీయ మండలి పెద్ద ఆమేనన్న మాట! అదే ఏడాది, ఫైనల్‌ పరీక్షలో ఉత్తమంగా నిలిచిన మహిళకు ఇచ్చేందుకు తన పేరిట బహుమతిని నెలకొల్పారు. 1966 జూన్‌ 14న ఆమె కన్నుమూశారు.