అన్నమయ్య పాటకు స్వరం కట్టిన మా జిల్లా పెద్దాయన

పొద్దున్నే ఇయర్‌ఫోన్స్‌లో అన్నమయ్య కీర్తన పెట్టుకుని ఆఫీసుకెళ్లేవాళ్లు మనలో చాలామందే. పాట అన్నమయ్యది, సరే. మరి ఆ ట్యూన్ ఎవరిది?

అన్నమయ్య 1503లో పరమపదించారు. ఆయన సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారంలో దాచారు. పాటకు పైన రాగం పేరుంటుంది, అంతే. స్వరాలు లేవు, తాళం లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే టెక్స్ట్ భద్రంగా ఉంది, ఆడియో పోయింది. పైగా ఆ రాగాల్లో కొన్ని ఇప్పుడు ఎవరూ పాడరు.

ఇక్కడే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వస్తారు. మాది గార్లదిన్నె. ఆయనది మా అనంతపురం జిల్లాలోనే, కంబదూరు మండలం రాళ్లపల్లి. 1893లో పుట్టారు. తల్లి పేరు అలమేలుమంగమ్మ (ఈ పేరు చదివి నేను కాసేపు ఆగిపోయాను). 1912లో మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పండితుడిగా చేరి 1949 దాకా అక్కడే పాఠాలు చెప్పారు. వేమన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. అది వేరే కథ.

రిటైరయ్యాక తిరుపతి చేరారు. రాగిరేకుల పరిష్కరణలో ఉన్న వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950లో పోయాక ఆ పని ఈయన చేతికొచ్చింది. చెక్కినవాడు తప్పు చెక్కి ఉంటే పట్టుకోవాలి, పదం ఎక్కడ విరగాలో తేల్చాలి. దానికి పండితుడు చాలు. కానీ ఈయనకు శాస్త్రీయ సంగీతం కూడా చేతిలో ఉంది. అందుకే చదివి ఊరుకోలేదు, వంద పైచిలుకు పాటలకు స్వరం కట్టి రాసిపెట్టారు. అన్నమయ్య పాడిన వరస ఇదేనని కాదు. అది దొరకదు. పాట మళ్లీ గొంతులోకి రావాలి, అదీ ఆయన పట్టుదల. తర్వాత నేదునూరి, గరిమెళ్ల వంటివారు వందల పాటలకు వరసలు కట్టారు.

1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 1979 మార్చి 11న దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా సన్మానించింది. అదే రోజు ఆయన కన్నుమూశారు.

యూట్యూబ్‌లో చాలా వీడియోల కింద రచన అన్నమయ్య అని ఉంటుంది, పాడినవారి పేరుంటుంది. స్వరకల్పన అన్న గడి ఖాళీ. మీ ప్లేలిస్ట్‌లో ఒక్కసారి చూసి, ఎవరి పేరు కనిపించిందో కామెంట్లో చెప్పండి.