వీధిబడుల లెక్క రాయించిన మన్రో దొర

ముదిగుబ్బ: మన్రో దొర పేరు వినని పెద్దలు రాయలసీమ పల్లెల్లో అరుదు. ఆయన మీద అభిమానంతో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇండ్లు కూడా ఈ సీమలో ఉండేవి. శిస్తు కట్టిన కలెక్టరుగానే ఆయన్ను అందరూ తలుచుకుంటారు. మన వీధిబడులు ఎన్ని, వాటిలో చదివే పిల్లలు ఎందరు అని మద్రాసు రాజధాని అంతటా లెక్క తీయించినది కూడా ఆయనే.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించారు. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధంతో ఆ వ్యాపారం చితికిపోయింది. మన్రో 1780లో కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా మద్రాసు చేరారు. హైదరాలీ, టిప్పు సుల్తానులతో జరిగిన యుద్ధాల్లో పనిచేసి, 1792 నుంచి బారామహల్‌లో రెవిన్యూ పని నేర్చుకున్నారు.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చివేశాడు. మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి అనంతపురంలో మకాం పెట్టారు. ఏడేండ్లు ఇక్కడే ఉన్నారు. పాళెగాండ్రను అణచివేశారు. గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగి, భూములు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతి పెట్టారు. వానలు లేని ఈ నేలకు ఆ శిస్తు బరువే అయింది. ఆ సంగతి ఆయనే గ్రహించి, 1807లో సెలవు మీద వెళ్లేముందు శిస్తులో నాలుగో వంతు, బావులు, చెరువుల కింది భూములకు మూడో వంతు తగ్గించాలని రాశారు. పైవారు అప్పుడు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన తరువాత ఆ తగ్గింపును ఆయనే అమలు చేయించారు.

గవర్నరుగా 1822లో ఆయన ప్రతి జిల్లా కలెక్టరుకూ ఒక ఉత్తరువు పంపారు. జిల్లాలో ఎన్ని బడులు ఉన్నవి, ఏ కులాల పిల్లలు ఎందరు చదువుతున్నారో పట్టిక వేసి పంపమన్నారు. ఆనాడు అనంతపురం సీమలో చాలా భాగం బళ్లారి జిల్లాలోను, కదిరి సీమ కడప జిల్లాలోను ఉండేవి. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తెలుగు వ్యాకరణం రాసిన పండితుడు. ఆయన 1823లో పంపిన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9 లక్షల 27 వేల పైచిలుకు, బడులు 533, పిల్లలు 6,641. వీటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మొత్తం పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

ఇవి సర్కారు బడులు కావు. పంతులు జీతం పిల్లల తల్లిదండ్రులే ఇచ్చుకునేవారు. అయిదో ఏట అక్షరాభ్యాసం జరిగేది. పొద్దున ఆరు గంటలకే బడికి చేరాలి. ముందు వచ్చిన వాని అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవానికి సున్న చుట్టేవారు. మూడోవానికి ఒక దెబ్బ, నాలుగోవానికి రెండు, ఆపైన ఒక్కొక్కటి పెరిగేవి. సోమరులకు గుంజీలు, కోదండం తప్పేవి కావు. ఇసుకలో వేలితో దిద్దించిన తరువాతే ఆకు మీద రాత. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతిని ఇంగ్లండువారు సైతం అనుసరించారు. అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేయించడం మాత్రం లోపమేనని క్యాంబెల్ రాశారు. పరదేశపు బట్ట వచ్చి నేతపనివారి నోటికాడి కూడు పోయిందని, బిడ్డకు పని చేసే సత్తువ రాగానే తల్లిదండ్రులు బడి మాన్పిస్తున్నారని కూడా తెలిపారు.

అన్ని జిల్లాల లెక్కలూ వచ్చాక 1826 మార్చిలో మన్రో వాటిని క్రోడీకరించారు. సుమారు కోటి 28 లక్షల జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. పిల్లవానికి నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాల జీతం. పంతులుకు నెల మొత్తం మీద ఆరేడు రూపాయలు మించేవి కావు. ఇంత తక్కువ రాబడితో మంచి పంతుళ్లు దొరకరని, ప్రోత్సాహం లేకపోవడం, జనం పేదరికం చదువు వెనుకబడడానికి కారణాలని మన్రో తేల్చారు. ప్రతి జిల్లాలో రెండు పెద్ద బడులు, ప్రతి తాలూకాలో ఒక బడి సర్కారు ఖర్చుతో పెట్టాలని, జిల్లా బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తాలూకా బడి పంతులుకు 9 రూపాయలు ఇవ్వాలని ప్రతిపాదించారు.

ఆ పథకం వేళ్లూనకముందే ఆయన కాలం తీరింది. పదవి విడిచి స్వదేశం వెళ్లేముందు తనకు ఇష్టమైన ఈ సీమను చివరిసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో సమాధి చేసి, తరువాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన మొదలుపెట్టిన తాలూకా బడులను సర్కారు 1836లో ఎత్తివేసింది.

మన్రో దొర పరాయి పాలకుడే. శిస్తు వసూలుకే వచ్చినవాడు. అయినా, చేను ఎండితే బడి కూడా ఎండుతుందని ఆ లెక్కలు నిరూపించాయి. ఈ సీమలో వేరుశెనగ పోయిన ఏడు బెంగుళూరు బస్సెక్కే కుటుంబాలను చూసినవారికి ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. వలస వెళ్లేవారు బిడ్డను మాత్రం ఊరి బడిలోనే ఉంచగలిగే ఏర్పాటు జరిగిననాడే, రెండు వందల ఏండ్ల కిందట రాయించిన ఆ లెక్కకు ఫలితం దక్కినట్లు.