కంచె బయటి ఇంజినీర్.. నోబెల్ దాకా!

డెబిట్ కార్డుని అటూ ఇటూ తిప్పితే మెరిసే చిన్న బొమ్మ చూసే ఉంటారు. అదే హోలోగ్రామ్. ఆ ఆలోచన డెన్నిస్ గాబర్ అనే ఇంజినీర్‌ది. బతికున్న కణానికి రంగు వేయకుండానే దాని ఆకారాన్ని నానోమీటర్లలో కొలిచే డిజిటల్ హోలోగ్రాఫిక్ మైక్రోస్కోపీకీ ఆయన వేసిందే పునాది. అయితే ఆయన కెరీర్ మాత్రం సాఫీగా సాగలేదు.

ఉద్యోగం పోయింది

గాబర్ 1900లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. బెర్లిన్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, 1927లో డాక్టరేట్ చేసి, సీమెన్స్‌లో చేరాడు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదు మూలాలున్న గాబర్‌కి అక్కడ చోటు లేకుండా పోయింది. సొంతూరికి వెళ్లి ఓ కొత్త రకం దీపం తయారుచేశాడు. దాన్నే రెజ్యూమెలా పట్టుకుని 1934లో ఇంగ్లండ్ చేరాడు. మాంద్యం రోజులు, పైగా విదేశీయుడు. చివరికి రగ్బీ పట్టణంలోని బ్రిటిష్ థామ్సన్ హ్యూస్టన్ కంపెనీ తీసుకుంది. తీరా చూస్తే ఆ దీపం మార్కెట్‌కి పనికిరాలేదు.

కంచె బయట

యుద్ధం వచ్చాక ఇంకో చిక్కు. విదేశీయుడు కాబట్టి రహస్య పనుల్లోకి రానివ్వలేదు. సెక్యూరిటీ కంచె బయట ఓ షెడ్డులో పనిచేసుకోమన్నారు. యాప్రాల్‌లో మిలటరీ గోడ పక్కన ఉండేవాళ్లకి గేటు దగ్గర ఆపడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. గాబర్ పని ఆపలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లెన్సుల లోపాన్ని ఎలా దాటాలా అని ఆలోచిస్తుంటే 1947 ఈస్టర్ రోజుల్లో దారి దొరికింది. అప్పటికి ఆయనకి 46 ఏళ్లు.

ఆలస్యాన్ని కొలవడమే కిటుకు

కెమెరా కాంతి ఎంత పడిందో చెబుతుంది గానీ ఎంత ఆలస్యంగా వచ్చిందో చెప్పలేదు. యాప్రాల్ నుంచి సైనిక్‌పురికి రెండు బైకులు ఒకేసారి బయల్దేరాయనుకోండి. ఒకటి తవ్విన రోడ్డులో వెళ్లింది. చివర్లో లెక్కపెడితే రెండే బైకులు. రెండింటినీ పోలిస్తేనే ఒకటి లేటైందని తెలుస్తుంది. పారదర్శకంగా ఉండే కణం కూడా అంతే. కాంతిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యమే ఫేజ్. కణంలోంచి వచ్చిన కాంతిని నేరుగా వచ్చిన కాంతితో కలిపితే చారలు ఏర్పడతాయి. వాటిలో ఆ ఆలస్యం నమోదవుతుంది. 1948లో గాబర్ ప్రచురించిన సూత్రం సారాంశం ఇదే.

ముందే వచ్చేసింది

ఆయన దగ్గరున్నది పాదరసం దీపం మాత్రమే. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడి మసకబారేది. 1950ల్లో ఆ ప్రాజెక్టునే ఆపేశారు. అప్పటికే ఇంపీరియల్ కాలేజీలో చేరిన గాబర్ పాఠాలు చెప్పుకుంటూ వేరే పరిశోధనల్లో పడ్డాడు. 1960లో లేజర్ వచ్చింది. అమెరికాలో ఎమ్మెట్ లీత్, జూరిస్ ఉపత్నీక్స్ రెండు కాంతులనీ కోణంలో కలిపి బొమ్మల గొడవ తీర్చారు. 1971లో ఫిజిక్స్ నోబెల్ గాబర్‌ని వరించింది. 1979లో లండన్‌లో కన్నుమూశాడు.

ఆ తర్వాత ఫిల్మ్ పోయి కెమెరా సెన్సర్ వచ్చింది. 1999లో లౌజాన్ పరిశోధకులు ఒక్క హోలోగ్రామ్‌తోనే ఫేజ్‌ని అంకెల్లో కొలిచి చూపించారు.

మనకేంటి?

ఈసీఈ, సీఎస్ఈ వాళ్లకి ఇది మంచి ప్రాజెక్టు. హోలోగ్రామ్ ఫొటోకి పైథాన్‌లో ఎఫ్ఎఫ్‌టీ చేయండి. మధ్యలోని మచ్చను వదిలేసి పక్క మచ్చల్లో ఒకదాన్ని కత్తిరించండి. దాన్ని మధ్యకి జరిపి ఇన్వర్స్ ఎఫ్ఎఫ్‌టీ చేస్తే ఫేజ్ వస్తుంది. సిగ్నల్స్ సబ్జెక్టు ఎందుకు చదివామో అప్పుడు అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత పనీ ఉంటుంది. పనికిరాకుండా పోయిన దీపమే గాబర్‌కి ఉద్యోగం తెచ్చిపెట్టిందని గుర్తుంచుకోండి.